దిగే దారికి గుర్తులు పెట్టించండి

గుట్టల బాధ్యత చూసే రెవెన్యూ, అటవీ, పురావస్తు, పర్యాటక శాఖల అధికారులకు, గుట్టల కింది గ్రామాల సర్పంచులకు, వార్డు సభ్యులకు నమస్కారాలు.

మాఘమాసపు పెళ్లిళ్ల రోజుల్లో ఒక ఆదివారం, డిగ్రీలో కలిసి చదువుకున్న స్నేహితులం ఐదుగురం దేవరకొండ వైపు ఒక ఊళ్లో పెళ్లికి వెళ్లి, భోజనాలు ముగించుకుని నల్లగొండకు తిరిగి వస్తూ, ముందుగా ఏ ఆలోచనా లేకుండా దారి పక్కన కనిపించిన ఒక గుట్ట ఎక్కాము. ఎక్కడం సులువుగానే జరిగింది. దిగేటప్పుడు దారి తప్పాము, ఒక స్నేహితురాలి చీలమండ బెణికింది, చీకటి పడిన తర్వాత ఒక గొర్రెల కాపరి పుణ్యాన కిందికి చేరుకున్నాము. ఇందులో తప్పు పూర్తిగా మాదే, ఎవరి మీదా నాకు ఫిర్యాదు లేదు. అయితే ఆ సాయంత్రం మాకు తెలిసివచ్చిన ఒక చిన్న లోటును మీరు తలచుకుంటే పెద్దగా ఖర్చు లేకుండానే తీర్చగలరు కాబట్టి ఈ లేఖ రాస్తున్నాను.

జరిగింది జరిగినట్టు చెబుతాను. మూడున్నర దాటిన తర్వాత ఒక చింతచెట్టు నీడన కారు ఆపుకుని నీళ్లు తాగుతున్నాము. ఎదురుగా ఉన్న గుట్ట పెద్ద ఎత్తేమీ కాదు, కింద నుంచి చూస్తే అరగంట పని అనిపిస్తుంది. హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పే మిత్రుడు, చిన్నప్పుడు సీతాఫలాల కోసం ఇట్లాంటి గుట్టలన్నీ ఎక్కి దిగినవాణ్నని, పైనుంచి పొద్దు గూకడం చూసి వద్దామని అన్నాడు. మా ఐదుగురిలో ముగ్గురం ఆడవాళ్లం, ఇద్దరం పట్టుచీరల్లో ఉన్నాము, అందరి కాళ్లకూ పెళ్లికి వేసుకున్న నున్నని చెప్పులే. అర లీటరు నీళ్ల సీసాలు రెండు ఉన్నాయి. ఎవరికీ ఫోన్ చేసి ఫలానా చోట గుట్ట ఎక్కుతున్నామని చెప్పలేదు. యాభైకి దగ్గరపడుతున్న మనుషులం, పిల్లలకు రోజూ జాగ్రత్తలు చెప్పేవాళ్లం, ఒక్కరమైనా ఆగి ఆలోచించలేదు.

పైకి పోవడానికి మాకు దారి వెతుక్కోవలసిన అవసరమే రాలేదు. ఎండిన బోదగడ్డిలో, తంగేడు, బలుసు, పరికి పొదల మధ్య మేకల బాటలు నాలుగైదు కనిపించాయి, ఏ బాట పట్టుకున్నా అది పైకే తీసుకుపోయింది. పొదలు అయిపోయిన చోట నుంచి పరుపుబండ మొదలైంది. మధ్యాహ్నపు ఎండకు కాగిన బండ ఇంకా వెచ్చగానే ఉంది, చెప్పులు జారుతున్నాయని వాటిని చేతపట్టుకుని వట్టి కాళ్లతో నడిచాము. శిఖరం మీద ఒక పెద్ద గుండు, దానికి సున్నం పూసి మధ్యలో కుంకుమ దిద్దిన బొట్టు, పక్కన వెలిసిపోయిన ఒక జెండా. గుండు కింద బండలో ఒక దొన ఉంది. వాన పడి నాలుగు నెలలు కావస్తున్నా అందులో దోసెడు లోతు నీళ్లు, నీళ్ల అంచున పచ్చని పాచి, ఆ పాచి మీద పిట్ట కాళ్ల గుర్తులు ఉన్నాయి. కింద బత్తాయి తోటలు, తీసేసిన పత్తి చేలు, నైరుతి దిక్కున మసకగా దేవరకొండ గుట్టల వరుస. రేచర్ల పద్మనాయకులు రాచకొండలోనూ దేవరకొండలోనూ ఈ గుట్టలనే ఎందుకు కోటలు చేసుకున్నారో అక్కడ నిలబడితే ఎవరూ వివరించనక్కర్లేదు, ఎవరు ఏ దిక్కు నుంచి వస్తున్నా కనిపిస్తారు. నల్లగొండ, దేవరకొండ, రాచకొండ, భువనగిరి, కోయిలకొండ అని మన ఊళ్ల పేర్లలోనే కొండ ఉన్నదన్న సంగతి నాకు ఆ గాలిలో నిలబడి ఉండగా కొత్తగా తోచింది. రోజూ పలికే పేర్లు కావడం వల్ల అంతవరకు ఎన్నడూ ఆలోచించలేదు.

పొద్దు గూకేదాకా కూర్చున్నాము. లేచి దిగుదామని చూస్తే, మేము ఏ వైపు నుంచి వచ్చామో ఐదుగురం ఐదు దిక్కులు చూపించాము.

అధికారులు, గ్రామ పెద్దలు దయచేసి ఈ ఒక్క విషయం మీద మనసు పెట్టాలని కోరుతున్నాను. ఎక్కేటప్పుడు గుట్ట మీది బాటలన్నీ శిఖరం దగ్గర కలుస్తాయి, కాబట్టి దారి తెలియకపోయినా నష్టం లేదు. దిగేటప్పుడు అవే బాటలు ఒక్క చోటి నుంచి అన్ని దిక్కులకూ విడిపోతాయి, వాటిలో ఒకటో రెండో మాత్రమే క్షేమంగా నేలకు చేరుస్తాయి. పైగా వట్టి బండ మీద బాట అనేదే పడదు, అడుగుల ఆనవాలు ఉండదు. దీనికి తోడు మన గుట్టల ఆకారం కూడా మనిషిని మోసం చేసేది. ఈ గ్రానైటు సుమారు 250 కోట్ల ఏళ్ల కిందట భూమి లోతుల్లో ఏర్పడిన రాయి. దాని మీద ఉన్న నేల, రాళ్లు యుగాల తరబడి కోసుకుపోయి పైబరువు తగ్గిపోయాక, రాయి తన ఆకారానికి సమాంతరంగా నెర్రెలిచ్చి, ఉల్లిపొరల మాదిరి పెచ్చులు పెచ్చులుగా విడిపోతూ వచ్చింది. అందువల్లనే మన గుట్టలు చాలావరకు బోర్లించిన గిన్నెల్లా ఉంటాయి. బోర్లించిన గిన్నె మీద చీమ నడిస్తే పైన దానికి అంతా చదునుగానే ఉంటుంది, అంచుకు పోయిన కొద్దీ ఏటవాలు పెరుగుతుంది, ఎక్కడ నిలువుగా మారుతుందో అక్కడి దాకా పోతే తప్ప తెలియదు. గుట్ట నెత్తి మీద నిలబడిన మనిషి పరిస్థితి కూడా అదే. కింద ఉన్న ఊరు కనిపిస్తుంది, కారు ఆపిన చింతచెట్టు కూడా కనిపిస్తుంది, మధ్యలో ఉన్న చరియ మాత్రం బండ ఒంపు చాటున కనిపించదు.

మేము చింతచెట్టును గురి చూసుకుని నేరుగా దిగాము. వంద అడుగులు హాయిగా నడిచాము. తర్వాత ఒంగి నడవవలసి వచ్చింది, తర్వాత కూర్చుని జరగవలసి వచ్చింది. వెలుగు తగ్గేసరికి బండ మీద నల్లటి చారలు ఏవో, నీడలు ఏవో తెలియలేదు. ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే స్నేహితురాలు ఒక పెచ్చు అంచు మీద కాలు మోపింది. గోరంత మందం ఊడి జారింది, ఆమె నాలుగైదు అడుగులు కిందికి జారి ఒక పరికి పొద పట్టుకుని ఆగింది. పొద అక్కడ ఉండబట్టి ఆమె మాకు దక్కింది. చీలమండ ఉబ్బింది, మోచేతుల తోలు లేచింది, కాలు కింద పెట్టలేకపోయింది. తన కాలును తానే తడిమి చూసుకుని ఎముక విరగలేదని మాకు ధైర్యం చెప్పిన మనిషి ఆమె. చిరిగిన కొంగుతోనే కట్టు కట్టుకుంది.

పైకి పోలేము, కిందికి దిగలేము. ఫోన్లో సిగ్నల్ బాగానే ఉంది. సాయం కోసం 108కు ఫోన్ చేద్దామని చేతిలోకి తీసుకున్న మిత్రుడు, ఎక్కడ ఉన్నామని చెప్పాలి అని మమ్మల్ని అడిగాడు. మాలో ఎవరికీ ఆ గుట్ట పేరు తెలియదు. కింద ఉన్న ఊరి పేరు తెలియదు, అది ఏ మండలంలోకి వస్తుందో కూడా తెలియదు. కొండమల్లేపల్లికి ఇవతలా అవతలా అన్నది కూడా ఇద్దరు ఇద్దరు రకాలుగా చెప్పారు. పుట్టి పెరిగిన జిల్లాలో, నడి నెత్తిన కూర్చుని ఉన్న కొండ పేరు చెప్పలేక మౌనంగా ఉండిపోయిన ఆ క్షణం నాకు ఈ జన్మకు మరుపు రాదు.

మా ఫోన్ల వెలుతురు చూసి కింది నుంచి ఒక కేక వచ్చింది. మందను దొడ్లోకి తోలి ఇంటికి పోబోతున్న గొర్రెల కాపరి అట. "బిడ్డా, ఆడ్నే ఉండుండ్రి, కదలకుండ్రి, నేనే వస్తున్న" అని అరుస్తూ, మేము చూస్తున్న దిక్కు నుంచి కాకుండా మా వెనక నుంచి, పైనుంచి వచ్చారు. డెబ్బై ఏళ్లు ఉంటాయేమో. భుజాన గొంగడి, చేతిలో కర్ర. వస్తూనే మా స్నేహితురాలి కాలు చూసి, "నీకేం గాలె అవ్వా, జర ఓపిక పట్టు" అని, తన గొంగడి మడిచి ఆమె వీపు వెనక పెట్టారు. ఆ తర్వాత మేము దిగబోతున్న వైపు బండను కర్రతో కొట్టి వినిపించారు. మా కాళ్ల కింది రాయి ఠంగుమని గట్టిగా మోగింది. రెండడుగుల అవతల డబ్‌ అని బోలుగా, మూత పెట్టిన కుండను తట్టినట్టు మోగింది. "సూసిండ్రా, లోపల డొల్ల. మ్యాక గూడ ఆడ కాలు వెట్టదు" అన్నారు.

మమ్మల్ని మళ్లీ ముప్పై నలభై అడుగులు పైకి ఎక్కించి, గుండుకు ఉత్తరంగా తిప్పి, అక్కడి నుంచి దిగడం మొదలుపెట్టారు. మా ఇద్దరు మిత్రులు నర్సు స్నేహితురాలిని చెరో భుజం పట్టుకుని నడిపించారు. ఆయన అడుగడుక్కూ కర్రతో ఏదో ఒకదాన్ని తాకి చూపించారు. ఒకచోట మూడు రాళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. ఇంకోచోట రెండు గుండ్ల సందులో రూపాయి బిళ్లంత సున్నపు చుక్క. మలుపు దగ్గర పెద్ద రాయి మీద ఒక చిన్న రాయి. ఎక్కేటప్పుడు అవన్నీ మా పక్క నుంచే పోయి ఉంటాయి, పిల్లలు ఆడుకుని వదిలేసిన రాళ్లనుకుని చూసి ఉంటాము. అవి ఆయన, ఆయన తండ్రి, ఆ ఊరి కాపరులు మంద దిగడానికి పెట్టుకున్న గుర్తులు. సున్నం వానకు కొట్టుకుపోతుందని, ఏటా వానలు వెనకపట్టాక మళ్లీ పెడతామని, ఇప్పుడు మేకలు మేపే పిల్లలు తగ్గిపోయి రెండేళ్లుగా సగం చోట్ల పెట్టలేదని చెప్పారు. ముప్పావుగంటలో నేల మీద ఉన్నాము. డబ్బులివ్వబోతే చేతులు వెనక్కు పెట్టుకున్నారు.

నా విన్నపమంతా ఆ గొర్రెల కాపరి కర్రతో చూపించిన రాళ్ల దగ్గరే ఉన్నది. జనం తరచుగా ఎక్కే ప్రతి గుట్టకూ దిగే దారి ఒక్కటి ఎంచి, శిఖరం నుంచి నేల దాకా, ఒక గుర్తు దగ్గర నిలబడితే తర్వాతి గుర్తు కనిపించేటట్టు పేర్చిన రాళ్లు, సున్నపు చుక్కలు పెట్టించండి. ఆ దారిని ఎంచే పని ఆ ఊరి కాపరులకు అప్పగించండి, వారి రోజు కూలి వారికి ఇప్పించండి. గుర్తులు పెట్టే మనిషి తప్పకుండా శిఖరం నుంచి మొదలుపెట్టి దిగుతూనే పెట్టాలి, ఎందుకంటే ఎక్కుతూ పెట్టిన గుర్తు రాతికి కింది వైపున పడుతుంది, అది దిగేవాడి కంటికి ఆనదు. గుట్ట మొదట్లో ఒక బోర్డు, దాని మీద గుట్ట పేరు, ఊరి పేరు, మండలం, ఎక్కి దిగడానికి పట్టే సమయం, సాయంత్రం ఎన్ని గంటల తర్వాత ఎక్కకూడదో, 108, 112 నంబర్లు ఉంటే చాలు. అదే పేరు, అదే ఊరు శిఖరం దగ్గర కూడా ఒక చిన్న పలక మీద రాయించండి. ఆపదలో ఉన్న మనిషికి అక్షరాలు కావలసింది పైననే.

అంతకు మించి ఏమీ కట్టవద్దని కూడా అంతే గట్టిగా వేడుకుంటున్నాను. గుట్ట మీద ప్రమాదం అనగానే మెట్లు పోయాలి, ఇనుప కడ్డీలు బిగించాలి, సిమెంటు దారి వేయాలి అన్న మాట ముందుగా వస్తుంది. భువనగిరి సంగతి వేరు. అది పశ్చిమ చాళుక్యుల నాటి నుంచి కోటగా ఉన్న ఏకశిల, 500 అడుగులకు పైబడిన ఆ బండ మీదికి పాత మెట్లు ఉన్నాయి, టికెట్టు ఉంది, వచ్చేపోయే వాళ్లను చూసే మనుషులు ఉన్నారు. కోయిలకొండలో కూడా ద్వారాలు దాటుకుంటూ పోయే కోట దారి ఉంది. నేను మాట్లాడుతున్నది ఏ కోటా లేని, ఏ జాబితాలోనూ పేరు లేని వందలాది చిన్న గుట్టల గురించి. పెచ్చులుగా విడిపోతున్న బండకు కడ్డీల కోసం రంధ్రాలు తొలిస్తే ఆ రంధ్రాల్లోకి నీరు దిగుతుంది, అసలే పట్టు తప్పిన పొర ఇంకా వదులవుతుంది. వేసవిలో ఆ ఇనుమును చేత్తో పట్టుకునేవారు ఎవరు? పైగా కడ్డీ చూసిన మనిషికి ధైర్యం వచ్చి కడ్డీ అవతలికి పోతాడు. సున్నపు చుక్క అట్లాంటి ధైర్యం ఇవ్వదు, దారి మాత్రం చెబుతుంది.

సున్నమైనా ఎక్కడ పడితే అక్కడ పూయకూడదు. తెలంగాణ గుట్టల్లో పలుచోట్ల రాతి చరియల కింద ప్రాచీన మానవులు గీసిన బొమ్మలు, బండల మీద శాసనాలు బయటపడ్డాయి, ఇంకా ఎవరి కంటా పడనివి ఎన్ని ఉన్నాయో. కాబట్టి పురావస్తు శాఖ వారు ఒకసారి దారి వెంట నడిచి చూసిన తర్వాతే చుక్కలు పెట్టాలి, కోటలున్న చోట్ల పేర్చిన రాళ్లతోనే సరిపెట్టాలి. అట్లాగే చరియల కింద కొండతేనె పట్లు ఉంటాయి. పొగకు, గట్టి వాసనలకు, అరుపులకు ఆ ఈగలు లేస్తే బండ మీద పరుగెత్తడానికి చోటుండదు. దారిని వాటికి దూరంగా తిప్పడం కాపరులకు తెలిసినట్టు మరెవరికీ తెలియదు.

గుర్తులు పెడితే జనం ఇంకా ఎక్కువ వస్తారు, గుట్టలు పాడవుతాయి అని మీలో కొందరికి అనిపించవచ్చు. ఆ భయం నాకూ ఉంది. కానీ జనం రావడం ఇప్పటికే మొదలైంది. రాచకొండ గుట్టలకు ఆదివారాలు హైదరాబాదు నుంచి పిల్లలు బండ్ల మీద వస్తున్నారు. వాళ్లను ఆపాలంటే గుట్టకొక కాపలా మనిషి కావాలి. ఏ గుట్ట అడవిదో, ఏది రెవెన్యూ భూమిదో, ఏది పురావస్తు రక్షణలో ఉందో ఎక్కేవాళ్లకు తెలియదు, బండ మీద హద్దురాళ్లు కనబడవు. అందుకే ఈ లేఖ ఒక్క శాఖకు రాయకుండా అందరికీ కలిపి రాస్తున్నాను. మీ మీ హద్దులు మీకు ఉంటాయి, నిబంధనలు ఉంటాయి, అవన్నీ మామూలుగా ఉండనివ్వండి. దారి గుర్తుల విషయంలో మాత్రం ఒక్కసారి కలిసి కూర్చోండి.

పిల్లలను గుట్టలకు దూరంగా ఉంచాలని నేను అనుకోవడం లేదు. 2014 మే 25న పదమూడేళ్ల మాలావత్ పూర్ణ, ఆమెతో పాటు ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కినప్పుడు, వాళ్లు రాయి ఎక్కడంలో తొలి పాఠాలు నేర్చుకున్నది మన భువనగిరి బండ మీదనే అని చదివి మేమంతా పొంగిపోయాము. అట్లాంటి బండలు ఇన్ని ఉన్న నేల మనది. బడి పిల్లలు ఉపాధ్యాయుల వెంట, ఊరి కాపరి ముందు నడవగా, పొద్దున్నే ఎక్కి ఎండ ముదరకముందే దిగి రావాలని, దొనలో నీళ్లు చూడాలని, కర్రతో కొట్టి ఏ రాయి గట్టిదో ఏది బోలో వినాలని నాకు ఆశ.

వానలు మొదలైతే ఆ నల్ల చారలు నాచు పట్టి, అడుగు ఆనదు. కాబట్టి పేర్చవలసిన రాళ్లు వానకాలం లోపే పేర్పించి, సున్నం పని వానలు వెనకపట్టాక, బతుకమ్మ పండుగ నాటికి, గునుగు పూల కోసం జనం గుట్టల కిందికి వచ్చే వేళకు పూర్తి చేయించగలిగితే బాగుంటుంది. మా ఊళ్లోని మిత్రుడు, విత్తనాల దుకాణం నడిపేవాడు, మొదటి గుట్టకు కావలసిన సున్నం తానే ఇస్తానన్నాడు. సాంఘికశాస్త్రం మిత్రుడు బోర్డు మీద అక్షరాలు రాస్తానన్నాడు. మా స్నేహితురాలి కాలు నయమైంది, ఆమె కూడా వస్తానంటున్నది.

ఆ గుట్ట పేరు కిందికి దిగాక ఆ పెద్దమనిషి మాకు చెప్పారు. ఇక్కడ రాయడం లేదు, గుర్తులు పెట్టకముందే ఈ లేఖ చదివి మరో ఐదుగురు సాయంత్రం పూట అక్కడికి పోవడం నాకు ఇష్టం లేదు. మీలో ఎవరు అడిగినా చెబుతాను, ఏ ఆదివారం రమ్మన్నా పొద్దున్నే ఆరింటికి ఆ చింతచెట్టు కింద ఉంటాము.

ఇట్లు,
ఆ రోజు గుట్ట ఎక్కిన ఐదుగురి తరఫున,
నల్లగొండ నివాసి, ఒక బ్యాంకు ఉద్యోగిని